మంచు ఖండంలో ఏకైక డాక్టరుగా వెళ్లాలనుకునేవారికి

వేసవి సరుకులు దించిన ఓడ వెనక్కి తిరిగాక అంటార్కిటికాలోని మన మైత్రి, భారతి స్టేషన్లలో ఒక్కోచోట మిగిలేది ఇరవై పైచిలుకు మంది. మళ్లీ నవంబరు ప్రాంతంలో విమానాలు మొదలయ్యేదాకా వాళ్లకు వాళ్లే దిక్కు. వంటవాళ్లు, మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు, బండ్లు నడిపేవాళ్లు, వాతావరణ శాఖ ఉద్యోగులు, భూ అయస్కాంత పరిశోధకులు ఉంటారు. వాళ్లలో ఎవరికి పన్ను నొప్పి వచ్చినా, గుండె నొప్పి వచ్చినా, నెలల తరబడి నిద్ర పట్టకపోయినా తలుపు తట్టేది డాక్టరు గదినే. ఆ గదిలో మీరు ఉండాలనుకుంటే ఈ మాటలు మీకోసం.

ఉద్యోగం సంగతి ముందు చెప్పేస్తాను. గోవాలోని వాస్కోలో ఉన్న జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం, అంటే ఎన్‌సీపీఓఆర్, కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద ఈ యాత్రలను నడుపుతుంది. డాక్టర్లను కాంట్రాక్టు పద్ధతిలో తీసుకునే ప్రకటనలు దాని వెబ్‌సైట్‌లో వస్తుంటాయి. అర్హత, వయసు, జీతం ఏ ఏటికి ఆ ఏడు ప్రకటనలోనే చూసుకోవాలి. మీరు అడిగి తెలుసుకోవలసింది మరొకటి ఉంది: ఈ శీతాకాలానికి మీ స్టేషనులో మొత్తం ఎంతమంది డాక్టర్లు, రెండో డాక్టరు ఉంటే వాళ్ల స్పెషాలిటీ ఏమిటి? మీరు ఏం నేర్చుకుని వెళ్లాలన్నది ఆ జవాబును బట్టే తేలుతుంది. ఎంపికలో ఢిల్లీ ఎయిమ్స్‌లో శరీర పరీక్షలు, మానసిక పరీక్షలు ఉంటాయి. తర్వాత ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఐటీబీపీ వాళ్ల దగ్గర మంచులో నడక, తాళ్లతో ఎక్కడం, దిగడం నేర్పుతారు. మైత్రి 1989 నుంచి షిర్మాకర్ ఒయాసిస్‌లో పనిచేస్తోంది. భారతి 2012లో లార్స్‌మన్ హిల్స్‌లో మొదలైంది. రెండింటి మధ్య దూరం సుమారు 3,000 కిలోమీటర్లు. కాబట్టి ఒక స్టేషను డాక్టరు రెండో స్టేషనుకు మాటసాయమే తప్ప చేతిసాయం చేయలేడు.

ఈ ఉద్యోగం గురించి మాట్లాడితే అందరూ రోగోజోవ్ కథే చెబుతారు. నేనూ చెబుతాను, కాకపోతే వేరే కారణానికి. మైత్రికి ఐదు కిలోమీటర్ల లోపే నోవోలజారెవ్‌స్కయా అనే రష్యా స్టేషను ఉంది. అది 1961లో మొదలైంది. ఆ ఏడు అక్కడి ఏకైక డాక్టరు లియోనిద్ రోగోజోవ్, వయసు 27, సర్జన్. ఏప్రిల్ 29న ఆయనకు జ్వరం, వికారం, పొట్టలో నొప్పి మొదలయ్యాయి. అపెండిక్స్ అని ఆయనకే అర్థమైంది. ముందు యాంటీబయాటిక్స్ వాడి చూశాడు, తగ్గలేదు. తుఫాను వల్ల విమానం వచ్చే దారి లేదు. మర్నాటి రాత్రి నోవొకెయిన్‌తో పొట్ట తిమ్మిరెక్కించుకుని, తన ఆపరేషన్ తానే చేసుకున్నాడు. గంటా ముప్పావు పట్టింది. రెండు వారాల్లో మళ్లీ డ్యూటీ ఎక్కాడు.

ఆ ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ ఉద్యోగానికి వెళ్లే డాక్టరు ఆ కథలో చూడవలసింది కత్తి పట్టిన చేతిని కాదు, చుట్టూ నిలబడ్డ మనుషుల్ని. పరికరాలు అందించింది ఒక వాతావరణ శాస్త్రజ్ఞుడు. అద్దం, దీపం పట్టుకున్నది ఒక మెకానిక్. వాళ్లలో ఎవరైనా కళ్లు తిరిగి పడితే ఆ చోట నిలబడడానికి స్టేషన్ అధిపతి సిద్ధంగా ఉన్నాడు. ఎవరు ఏం చేయాలో రోగోజోవ్ ముందే వివరించాడు. తాను స్పృహ తప్పితే ఇవ్వాల్సిన ఇంజెక్షన్లు సిరంజిల్లో నింపిపెట్టి, ఎలా పొడవాలో, ఊపిరి ఎలా అందించాలో నేర్పాడు. నొప్పితో మెలికలు తిరుగుతూ, కొన్ని గంటల్లో, ఆపరేషన్ థియేటర్ ముఖం చూడని వాళ్లను తన బృందంగా మార్చుకున్నాడు. మీరు ఆ పనిని తీరిగ్గా, ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేసుకోవాలి. ఈ వ్యాసంలో నేను నొక్కి చెప్పదలచుకున్నది ఇదే.

డాక్టరుకే జబ్బు చేయడం అరుదని అనుకోకండి. 1950లో హెర్డ్ దీవిలోని ఆస్ట్రేలియా స్టేషను డాక్టరుకు అపెండిక్స్ వచ్చి, ఆయన్ను తీసుకురావడానికి యుద్ధనౌకను పంపాల్సి వచ్చింది. 1999లో దక్షిణ ధ్రువంలోని అమెరికా స్టేషను డాక్టరు జెర్రీ నీల్సన్ తన రొమ్ములో గడ్డను తానే గుర్తించారు. వెల్డింగ్ పని చేసే ఒక సహోద్యోగితో సహా వైద్యం తెలియని స్టేషను వాళ్ల సాయంతోనే సూదితో కణాలు తీసి పరీక్షకు సిద్ధం చేశారు. జూలై చీకట్లో విమానం నుంచి మందులు జారవిడిచారు. కీమోథెరపీ కూడా ఆ తోటివాళ్ల సాయంతోనే సాగింది. అక్టోబరులో గాని ఆమెను బయటికి తేలేకపోయారు. రెండేళ్లకు, 2001 ఏప్రిల్లో, అదే స్టేషనులో డాక్టర్ రోనాల్డ్ షెమెన్‌స్కీకి పిత్తాశయంలో రాళ్ల వల్ల ప్రాణం మీదికొస్తే చిన్న ట్విన్ ఆటర్ విమానం పంపి తెచ్చుకున్నారు. అక్కడ మీరు చూడబోయే అతి కష్టమైన పేషెంటు మీరే కావచ్చు.

ఆస్ట్రేలియా ఇలాంటి అనుభవాల నుంచి రెండు నియమాలు చేసుకుంది. శీతాకాలం ఉండబోయే డాక్టరు బయల్దేరే ముందే అపెండిక్స్ తీయించుకోవాలి. జట్టులో కొందరు, వంటవాళ్లు కావచ్చు, ప్లంబర్లు కావచ్చు, హోబార్ట్ ఆస్పత్రిలో రెండు వారాలు థియేటర్ పని, మత్తు పని నేర్చుకోవాలి. అపెండిక్స్ విషయం మీ సర్జన్‌తో మాట్లాడుకోండి. కుటుంబంలో పిత్తాశయ రాళ్లు ఉంటే అల్ట్రాసౌండ్, పిప్పి పళ్లు ఉంటే వాటి సంగతి కూడా తేల్చుకోండి. రెండో నియమం మాత్రం ఎవరూ మీ మీద రుద్దకపోయినా మీరే పెట్టుకోండి. గోవాలో, ఔలీలో జట్టంతా ఒక్కచోట ఉంటారు. ఎవరి చేతులు నిలకడగా ఉన్నాయి, ఎవరు ఒత్తిడిలో నోరు జారకుండా పని చేస్తారు అన్నది అక్కడే కనిపెట్టొచ్చు. రక్తం చూసి భయపడే పెద్ద శాస్త్రవేత్త కంటే ఇంజిన్ విప్పి బిగించే మెకానిక్ మంచి సహాయకుడు అవుతాడు. నలుగురిని ఎంచుకోండి. ఓడ వెళ్లిన మొదటి వారం నుంచే వారానికి ఒక పూట సాధన పెట్టండి: చేతులు కడిగి స్టెరైల్ గ్లవ్స్ వేసుకోవడం, బి.పి., నాడి చూసి కాగితం మీద రాయడం, ఆంబూ బ్యాగ్ పట్టడం, ఛాతీ నొక్కడం, సెలైన్ పెట్టడం, మీరు మందు పేరు చెబితే సీసా తీసి ఆ పేరు పైకి చదివి చూపించడం. ఈ చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ పొరపాటు మందు వెళ్లకుండా కాపాడేది అదే.

సాధన గదిలోనే ఆపేయకండి. గాలి హోరులో, చీకట్లో, దళసరి గ్లవ్స్‌తో స్ట్రెచర్ మోయడం వేరే విద్య. గదిలో మూడు నిమిషాల పని బయట అరగంట అవుతుంది. ఒకసారైనా జట్టు నాయకుడితో మాట్లాడి, వాతావరణం నిలకడగా ఉన్న రోజు చూసుకుని, స్టేషనుకు కొంత దూరం నుంచి ఒక మనిషిని నిజంగా మోయించి చూడండి. ఎక్కడ పట్టు జారుతుందో, ఏ తలుపులో స్ట్రెచర్ తిరగదో అప్పుడే తెలుస్తుంది.

మీ సొంత నేర్పు విషయానికి వస్తే, స్పెషాలిటీ ఎంత గొప్పదైనా అక్కడ సగమే ఉపయోగపడుతుంది. సర్జన్ అయితే మత్తు నేర్చుకోవాలి. కనీసం స్పైనల్, కెటమిన్ మీద చేయి తిరగాలి. ఫిజీషియన్ అయితే ఎముకలు సరిచేసి కట్టు వేయడం, కుట్లు, చీము గడ్డ కోయడం రావాలి. అందరూ నేర్చుకోవలసింది పళ్ల పని. దవడకు మత్తు ఇవ్వడం, ఊడిన ఫిల్లింగ్ స్థానంలో తాత్కాలికంగా నింపడం, తప్పనిసరైతే పన్ను పీకడం. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనో, విజయవాడలోనో ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఎవరైనా సీనియర్‌ని బతిమాలి కొన్ని వారాలు ఓపీలో నిలబడండి. ఎక్స్‌రే మీరే తీయాలి, రక్త పరీక్ష మీరే చేయాలి, ఆటోక్లేవ్ మీరే నడపాలి, అది చెడిపోతే మెకానిక్ పక్కన మీరే కూర్చోవాలి. ఇవన్నీ కార్పొరేట్ ఆస్పత్రిలో పదేళ్లు చేసినా రావు. పాడేరు, చింతూరు, ఉట్నూరు వైపు ఏజెన్సీలో, వాగు పొంగితే దారి మూసుకుపోయే పి.హెచ్.సి.లో పనిచేసినవాళ్లకు కొంత అలవాటై ఉంటుంది. ఉన్న మందులతోనే రాత్రి గట్టెక్కించడం, పంపాలా ఆపాలా అని ఒంటరిగా తేల్చుకోవడం వాళ్లకు కొత్త కాదు. అలాంటి పోస్టింగ్ చేసి ఉంటే ఇంటర్వ్యూలో దాన్ని ముందు చెప్పండి.

హిందీ మీద శ్రద్ధ పెట్టండి. జట్టులో దేశం నలుమూలల వాళ్లుంటారు, భోజనాల దగ్గర నడిచే భాష హిందీయే. ఎక్కడ నొప్పి అని అడగడానికి కొద్దిపాటి హిందీ చాలు. ఒక మనిషి పొద్దుపోయాక వచ్చి, ఏదో గుబులుగా ఉంది డాక్టర్ సాబ్ అని మొదలుపెట్టి ఆగిపోతే, ఆ ఆగిన చోట నుంచి మాట కలపడానికి మాత్రం ఇంకాస్త మంచి హిందీ కావాలి.

మందుల లెక్క దగ్గర ఎంత ఓపిక చూపిస్తే అంత మంచిది. ఏడాదికొక్కసారి వచ్చే ఓడ మీద వచ్చిందే మీ ఫార్మసీ. చేరగానే పాత డాక్టరు ఇచ్చిన జాబితాను నమ్మి సంతకం పెట్టకండి, ప్రతి పెట్టె విప్పి చూడండి. గడువు తేదీలు రాసుకోండి. మన ఊళ్లలో మందులు ఎండకు పాడవుతాయని జాగ్రత్త పడతాం. అక్కడ గడ్డకట్టి పాడవుతాయి. ఇన్సులిన్, చాలా రకాల టీకాలు ఒక్కసారి గడ్డకడితే కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నా వాడకూడదు. ఓడ నుంచి స్టేషనుకు వచ్చే దారిలో ఏ పెట్టె ఎంతసేపు బయట ఉందో అడిగి తెలుసుకోండి. మరో సంగతి, అక్కడ అగ్నిప్రమాదం పెద్ద భయం. గాలి పొడిగా ఉంటుంది, ఆర్పడానికి పారే నీళ్లుండవు. అందుకే ప్రాణాధార మందులు, సెలైన్లు, కట్లు, ఒక చిన్న ఆపరేషన్ సెట్ మరో భవనంలో, గడ్డకట్టని చోట విడిగా ఉంచండి. మందుల గదితో పాటు మందులన్నీ కాలిపోతే మీరు చేయగలిగింది చాలా తక్కువ.

రక్తనిధి ఉండదు, మనుషులే రక్తనిధి. ప్రయాణానికి ముందే అందరి రక్త గ్రూపులు, హెపటైటిస్, హెచ్‌ఐవీ పరీక్షలు ఉన్నాయో లేదో చూసుకుని, ఎవరు ఎవరికి ఇవ్వగలరో పట్టిక రాసిపెట్టండి. మీ పేరు కూడా ఆ పట్టికలో ఉండాలి. మీకు రక్తం ఎవరు ఇస్తారో మీ సహాయకులకు తెలియాలి.

జబ్బుల్లో ఎక్కువ భాగం మామూలువే. నడుము పట్టేయడం, వేళ్లు నలగడం, పొడి గాలికి చర్మం పగలడం, పళ్లు, గ్యాస్, నిద్రలేమి. చలి జబ్బులు తెలివైన జట్టులో తక్కువే గానీ, వచ్చినప్పుడు తడబడకూడదు. ఫ్రాస్ట్‌బైట్ వచ్చిన వేళ్లను రుద్దకూడదు. 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ముంచి కరిగించాలి. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే స్టేషను చేరేదాకా కరిగించనే కూడదు. బాగా చల్లబడిన మనిషిని గాజుబొమ్మను ఎత్తినట్టు ఎత్తాలి, ఒక్క కుదుపుకు గుండె లయ తప్పవచ్చు. నాడి దొరకలేదని చేతులు దులుపుకోకండి. 1999లో నార్వేలో మంచు కింద నీళ్లలో చిక్కుకున్న ఆన్నా బోగెన్‌హోల్మ్ అనే యువ డాక్టరు శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడిపోయింది. ట్రోమ్సో ఆస్పత్రి వాళ్లు ఆమెను బతికించారు, ఆమె మళ్లీ ఆస్పత్రి ఉద్యోగంలో చేరారు. అక్కడ ఉన్న యంత్రాలు మీ దగ్గర ఉండవు, అయినా వెచ్చబరచకుండా మరణం రాయకండి. నల్ల కళ్లద్దాలు లేకుండా తిరిగితే కొన్ని గంటల తర్వాత కళ్లల్లో ఇసుక పోసినంత మంట మొదలవుతుంది. సెప్టెంబరు తర్వాత ఓజోన్ పొర పలచబడే కాలంలో ఇంకా జాగ్రత్త.

చలి కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది కార్బన్ మోనాక్సైడ్. 1990 జనవరిలో మన తొమ్మిదో యాత్ర సభ్యులు నలుగురు గుడారంలో ఆ వాయువు పీల్చి చనిపోయారు. రంగు లేదు, వాసన లేదు. బయట క్యాంపు వేసే ప్రతి జట్టుకూ వెళ్లేముందు గాలి దారి గురించి, స్టవ్ గురించి, జనరేటర్ ఎటు పెట్టాలో గురించి మీరు స్వయంగా చెప్పండి. ఇద్దరికి ఒకేసారి తలనొప్పి అని రేడియోలో వినిపిస్తే, ముందు బయటికి రండి, తర్వాత మాట్లాడదాం అనండి.

సలహా అడగడానికి సిగ్గుపడకండి. ఉపగ్రహం మీద మాట, చిత్రం రెండూ అందుతాయి. భారతి స్టేషనులోనైతే హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, అంటే ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల ఉపగ్రహ కేంద్రం కూడా ఉంది, అక్కడ దిగిన సమాచారం షాద్‌నగర్‌కు చేరుతుంది. మన వైపు నుంచి వచ్చిన ఉద్యోగి పక్క గదిలో ఉండొచ్చు. అధికారిక ఏర్పాటుకు తోడుగా, ఎముకలు, కళ్లు, గుండె, మానసిక వైద్యంలో మీకు చనువున్న సీనియర్లను వెళ్లేముందే కలిసి, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తుతారా అని అడిగి మాట తీసుకోండి. ఇరుగుపొరుగును కూడా మరవకండి. మైత్రికి రష్యా స్టేషను, భారతికి రష్యా ప్రోగ్రెస్, చైనా జోంగ్‌షాన్ స్టేషన్లు దగ్గర. వాళ్ల డాక్టర్లను వేసవిలోనే పలకరించి, ఏ పరికరం ఎవరి దగ్గర ఉందో పంచుకోండి. అవసరం వచ్చిన రాత్రి పరిచయాలు మొదలుపెట్టడం కుదరదు.

మైత్రిలో మే చివర మునిగిన సూర్యుడు జూలై చివర గాని కనిపించడు. ఆ రెండు నెలలు, ఆ తర్వాత ఇంకా ఓడకు చాలా రోజులున్నాయని తెలిసే ఆగస్టు, సెప్టెంబరు నెలలు మనసుకు పరీక్ష. మాటలు తగ్గుతాయి, చిన్న విషయానికి గొడవలు వస్తాయి, రాత్రి పగలు తారుమారవుతాయి. ఇవి చూడడానికి ఓపీ గదిలో కూర్చుంటే లాభం లేదు. వంటింటి డ్యూటీ, మంచు ఎత్తే పని, చెత్త సర్దే పని అందరితో పాటు చేయండి. ఎవరు భోజనం వదిలేస్తున్నారు, ఎవరు ఒక కాలు ఈడుస్తున్నారు, ఎవరి గ్లాసు రోజూ నిండుతోంది అన్నది భోజనాల బల్ల దగ్గరే తెలుస్తుంది.

అదే బల్ల దగ్గర మీ నోరు కూడా భద్రం. అక్కడ మీ పేషెంటే మీ స్నేహితుడు, మీతో చీట్లపేక ఆడేవాడు, ఒక్కోసారి మీ పై అధికారి. ఎవరి జబ్బు గురించి ఎవరికి ఎంత చెప్పాలన్నది ఓడ ఉండగానే జట్టు నాయకుడితో కూర్చుని కాగితం మీద రాసుకోండి. నా దృష్టిలో సరైన గీత ఇది: పనికి తగినవాడా కాదా అన్నంతవరకే నాయకుడికి చెప్పాలి. తనకో ఇతరులకో ప్రాణాపాయం ఉన్నప్పుడే కారణం చెప్పాలి, అదీ ముందు పేషెంటుకు తెలియజేసి. ఆ ఒప్పందాన్ని మొదటి సమావేశంలోనే అందరికీ చదివి వినిపించండి. ఒకసారి నమ్మకం పోతే ఆ తర్వాత నిజంగా బాధలో ఉన్నవాళ్లు మీ దగ్గరికి రారు, వేరే డాక్టరు దగ్గరికి వెళ్లే వీలూ లేదు.

మరొక పని ఉంది, చాలామందికి తట్టదు. చీకటి మొదలయ్యేలోగా ప్రతి ఒక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగండి: ఇంటి నుంచి చెడ్డ వార్త వస్తే మీకు ఎవరు చెప్పాలి? వెంటనే చెప్పాలా? ఒంటరిగానా, ఎవరైనా పక్కన ఉండగానా? తండ్రి పోయినా తలకొరివి పెట్టడానికి వెళ్లలేని చోటు అది. ఈ ప్రశ్న అడిగినప్పుడు కొందరు కంటతడి పెడతారు, అయినా అడగాలి. మీరూ జవాబు రాసి నాయకుడికి ఇవ్వండి. ఇంట్లో అమ్మానాన్నల ఆస్పత్రి విషయాల్లో ఎవరు సంతకం చేస్తారో, బ్యాంకు వాయిదాలు ఎవరు కడతారో, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో, పీజీ ప్రవేశ పరీక్ష రాయాలనుంటే ఏ ఏడాది వదులుకుంటున్నారో అన్నీ తేల్చుకునే విమానం ఎక్కండి. అప్పుల నుంచో, చెదిరిన కాపురం నుంచో పారిపోవడానికి మాత్రం దయచేసి వెళ్లకండి. అక్కడ తీరిక ఎక్కువ, వదిలి వచ్చానన్నదంతా ఆ తీరికలో ఎదురు కూర్చుంటుంది.

ఆడవాళ్లు సందేహిస్తే ఒక్క మాట. ఇస్రో శాస్త్రవేత్త మంగళా మణి 56 ఏళ్ల వయసులో, 2016-17లో, భారతిలో 403 రోజులు ఉన్నారు. 23 మంది జట్టులో ఆమె ఒక్కరే మహిళ. మీరు డాక్టరుగా వెళితే అలాంటి సహోద్యోగికి మీ రాక ఎంత ఊరటో వేరే చెప్పాలా?

పేషెంట్లు లేని వారాలు వస్తాయి. చేతి వాడి తగ్గకుండా రోజూ కుట్లు వేయడం, ముడులు వేయడం సాధన చేయండి. ప్రతి కేసూ, సలహా అడిగిన ప్రతి ఫోనూ సమయంతో సహా రాయండి. వాడిన సూదులు, గడువు తీరిన మందులు అక్కడ పారేయడానికి లేదు. అంటార్కిటికా పర్యావరణ ఒప్పందం ప్రకారం వాటిని వేరుచేసి, పేరు రాసి, ఓడ మీద వెనక్కి పంపాలి.

కొత్త డాక్టరు దిగిన రోజు మీకు ఇంటి మీద ధ్యాస ఉంటుంది, సామాను సర్దుకునే తొందర ఉంటుంది. అయినా రెండు రోజులు వాళ్లకు ఇవ్వండి. మందుల పెట్టెలన్నీ కలిసి విప్పండి, రెండో భవనంలో దాచినవి చూపించండి, ఏ యంత్రం ఎలా మొరాయిస్తుందో చెప్పండి. శీతాకాలంలో ఏవి అయిపోయాయి, ఏవి ముట్టుకోకుండా మిగిలాయి అన్న జాబితాను గోవాకు పంపండి. దాన్ని బట్టే వచ్చే ఏటి ఓడలో ఏ పెట్టె ఎక్కాలో తేలుతుంది.